నలిపి అమ్మిన గుడ్డ

1977 ఆగస్టు 27, తిరుపతి

నగరి పక్కన ఏకాంబరకుప్పం పోయి వచ్చినాను. లండన్ పోయేముందు చెల్లెలిని ఒకసారి చూసి రమ్మని మా ఆమె పోరు. చూడ్డం అయింది. కొట్లాటా అయింది.

వీధంతా క్రేప్. మెలి ఎక్కువ పెట్టిన నూలుతో వదులుగా నేస్తారు. నీళ్లలో ముంచి ఆరేస్తే గుడ్డ నిండా ముడతలు. ఇస్త్రీ పెడితే చెడిపోతుందట. చీర మడత కొంచెం నలిగితే షావుకారుకు చూపించడానికి మా నాయన సిగ్గుపడేవాడు. ఇప్పుడు నలిపి మరీ అమ్ముతున్నారు. దొరలకు అదే కావాలట. మద్రాసు ఏజెంటు తప్పు నేతను కూడా వదలకుండా ఎత్తుకుపోతున్నాడు.

మా చెల్లెలు దేవకమ్మ మొగుడు చెంగయ్యకు ఎనిమిది మగ్గాలు. ఆరు క్రేపుకు మారిపోయినాయి. రెండింటి మీద మాత్రం ఇంకా చీరలు, పుత్తూరు జయరావు కోసం. జయరావు నూలిచ్చి చీరలు పట్టుకుపోతాడు. మా నాయన కాలం నుంచి ఉన్న వాడుక. ఉన్న పడుగు అయిపోతానే ఆ రెండూ మార్చేస్తానన్నాడు చెంగయ్య. జయరావుకు వద్దని చెప్పేస్తాడట. ఒకసారి వద్దంటే ఆయన నూలు ఇంకో ఊరికి పోతుంది, మళ్లీ ఈ గడప తొక్కడు. ఆ రెండన్నా ఉంచుకో అన్నాను. నువ్వెప్పుడూ చూడని వీధిలో, నువ్వెప్పుడూ చూడని మనిషికి ఏ పొద్దు ఏది నచ్చుతుందో దాని మీద ఇల్లంతా పెడతావా అన్నాను. సామ్రాజ్యవాదం దగ్గర మొదలుపెట్టి అన్నం చల్లారేదాకా చెప్పినాను. చెంగయ్య చెయ్యి కడుక్కుని లేచినాడు.

బస్సు ఎక్కించేటప్పుడు మాత్రం పక్కకు పిలిచి అడిగినాడు. "ఎట్లాగూ పోతాండావు గదా బావా. ఆడ వీధుల్లో సూసి రాయి. మన గుడ్డ ఎవురు తొడుక్కుంటాండారో, ఏ రంగులు పోతాండాయో."

ఇరవై ఏళ్లుగా పత్రిక నడుపుతున్నవాణ్ణి. నన్ను పట్టుకుని ఫ్యాషన్ రిపోర్టు రాయమంటాడు.

సెప్టెంబరు 3, లండన్

టీచర్ల యూనియన్ తరఫున ఆరుగురం వచ్చినాము. మూడు వారాల కోర్సు. పగలు లెక్చర్లు, సాయంత్రం వీధులు.

వద్దనుకుంటూనే చొక్కాలు చూస్తున్నాను. మనుషుల మొహాలు చూడాల్సినవాణ్ణి, జనం బతుకు చూడాల్సినవాణ్ణి, కాలర్లు చూస్తున్నాను. మా కాలేజీ పిల్లోళ్ల బెల్‌బాటాలు తిరుపతి రోడ్లన్నీ ఊడుస్తున్నాయి. ఇక్కడ ప్యాంట్లు సన్నబడిపోయినాయి, కాలికి అతుక్కుని ఉన్నాయి. మనకు ఫ్యాషన్ చేరేసరికి ఇక్కడ అది చచ్చి కుళ్లి ఉంటుంది. దాన్నే మనం మోడర్న్ అనుకుంటాము.

రంగులు అడిగినాడు కదా చెంగయ్య. నలుపు. నలుపు. నలుపు.

సెప్టెంబరు 5

ఇవాళ ఒక క్రేప్ చొక్కా కనిపించింది. తొడుక్కున్నవాడికి నా వయసు ఉంటుంది.

సెప్టెంబరు 8

బాలసుబ్రమణ్యం మా డెలిగేషన్‌లోవాడే. చిత్తూరులో హెడ్మాస్టరు, మెత్తని మనిషి. కొత్త ఫ్యాషన్లన్నీ పుట్టే కింగ్స్ రోడ్డు చూసి తీరాలని లాక్కుపోయినాడు.

చూసినాను. చెంపలో పిన్నీసు గుచ్చుకున్న పిల్లోడు. మెడలో కుక్క గొలుసు. చొక్కా చించుకుని, ఆ చిరుగులకు మళ్లీ పిన్నీసులు. ఒకమ్మాయి చెత్త పారేసే నల్ల ప్లాస్టిక్ సంచికి చేతుల దగ్గర బొక్కలు పెట్టి గౌనులాగా వేసుకుంది. జనం నిలబడి ఫోటోలు తీస్తున్నారు. మా వైపు చిరిగిన చొక్కాలవాళ్లు లక్షల్లో ఉన్నారు, ఒక్కడూ కెమెరా పట్టుకుని రాలేదు.

పాపం వీళ్లకు ఉద్యోగాలు లేవు, ఇది వీళ్ల నిరసన అన్నాడు బాలసుబ్రమణ్యం. ఎదురుగా అంగడి అద్దం చూపించినాను. అందులో చించి అమ్మే చొక్కా ఖరీదు చించనిదానికంటే ఎక్కువ. చిరుగును కూడా అమ్ముకునే వ్యవస్థలో నిరసనేమిటి అన్నాను. ప్రతిదీ డిబేటు కాదు సారూ, కాసేపు ఊరికే చూడండి అన్నాడాయన.

ఆ సంచి వేసుకున్న అమ్మాయినే అడిగినాను. ఇండియా నుంచి వచ్చే ముడతల చొక్కాలు మీవాళ్లు తొడుక్కోరా అని. నా స్టూడెంట్ల కంటే మర్యాదగా మాట్లాడింది. కాసేపు ఆలోచించి నవ్వింది. వాళ్ల స్కూల్లో డ్రాయింగ్ టీచర్ తొడుక్కుంటాడట.

అంతే. ఏకాంబరకుప్పం పని అయిపోయిందని అప్పుడే తెలిసిపోయింది. ఏ ఎకనామిక్స్ పుస్తకమూ నాకింత పొట్టిగా చెప్పలేదు.

సెప్టెంబరు 11, ఆదివారం. సాయంత్రం 4

తూర్పు లండన్‌లో ఆదివారం సంత. అక్కడ మన గుడ్డ దొరికింది. కుప్పలు. నేల మీద టార్పాలిన్ పరిచి, దాని మీద క్రేప్ చొక్కాలు, లంగాలు, గడ్డి వామిలాగా. అమ్మేవాడు గుజరాతీ, ఉగాండా నుంచి తరిమేస్తే వచ్చినవాడు. హిందీలో చెప్పినాడు, నాకు వచ్చిన కాస్త హిందీలో విన్నాను. గోడౌన్ నిండా ఇదే ఉందట. పోయిన ఎండాకాలమే సగం మిగిలిందట. కొత్త ఆర్డర్ ఎవడూ పెట్టడట. ఇప్పుడు ఎవరు కొంటున్నారని అడిగినాను. చేతితో చూపించినాడు. అక్కడ ఒకడు నాలుగు చొక్కాలు చంకన పెట్టుకుని పోతున్నాడు, కార్లు తుడిచేవాడు. నీళ్లు బాగా పీలుస్తుందట.

ఒక చొక్కా చేతిలోకి తీసుకున్నాను. ఎవరు నేసినారో. మా చెల్లెలు చుట్టిన కండెలో నూలో ఏమో. మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని పొద్దున్నుంచి మాపటిదాకా నేసిన గుడ్డ.

కోపం వచ్చింది. కోపం నాకు కొత్తేమీ కాదు, దాని మీదే బతికినాను ఇన్నేళ్లు. కానీ ఇది ఎవడి మీదికి పోవాలో తెలియని కోపం. ఉగాండా నుంచి వచ్చి అమ్ముకునేవాడి మీదా? సంచి వేసుకున్న పిల్ల మీదా? ఆ పిల్ల తనకు విసుగు పుట్టి బట్ట మార్చింది. అంతకంటే ఏమీ చేయలేదు. అంతకంటే ఏమీ చేయకుండానే ఒక ఊరిని కూల్చవచ్చు.

సెప్టెంబరు 12

చెంగయ్యకు టెలిగ్రాం ఇచ్చినాను. క్రేప్ ఖతం. చీర మగ్గాలు మార్చవద్దు. జయరావును వదులుకోవద్దు. వెనకనే పెద్ద జాబు కూడా రాసి పోస్టులో వేసినాను.

లెక్చర్‌కు పోలేదు.

సెప్టెంబరు 19

జవాబు లేదు.

సెప్టెంబరు 27, తిరుపతి

మొన్న దిగినాను. నిన్న ఏకాంబరకుప్పం పోయినాను. ఎనిమిదీ క్రేపే.

టెలిగ్రాం అందింది. అందిన రోజున జయరావు చెంగయ్య ఇంటి అరుగు మీదే కూర్చుని ఉన్నాడట, కడపటి మాట తేల్చుకుపోదామని. పోస్టుమ్యాన్ చదివి చెప్పినాడు. చెంగయ్య పడీపడీ నవ్వినాడట. జయరావునూ నవ్వించినాడట. మా బావ లండన్ పోయి కూడా ఈడ మగ్గాలు ఆపాలనే చూస్తున్నాడప్పా అని. ఆయన నవ్వుతూనే లేచి బస్సుకు పోయినాడు. టీ అంగట్లో నన్ను టెలిగ్రాం సారు అంటున్నారు.

అందరినీ కూర్చోబెట్టి చెప్పినాను. సంత, కుప్ప, కార్లు తుడిచేవాడు. పిన్నీసుల సంగతి వచ్చేసరికి ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వినారు. ఏజెంటు నిన్ననే లారీ పంపినాడు, నువ్వు చూసిన సంత వేరే ఊరిదేమో అన్నాడు చెంగయ్య. వీళ్లకు కళ్లు లేవా అని అరిచినాను. అందరూ లేచి పోయినారు.

దేవకమ్మ మాత్రం కూర్చుంది. నా మాట ఈ ఇంట్లో ఎవరన్నా నమ్ముతారంటే తనేనని అనుకున్నాను. కండె చుడుతూనే, తలెత్తకుండా చెప్పింది.

"నాయన పోతే కర్మలు ఆపమంటివి. బిడ్డకు కొండ మీద తలనీలాలు ఆపమంటివి. మొన్న రేడియో కొంటే ఆపమంటివి, ఓటు యేస్తే అదీ ఆపమంటివి. అన్నిటికీ ఒకే గొంతు పెట్టి అరిస్తివి. ఇది మటుకు నిజమని మేం ఎట్ల కనుక్కోవల్ల అన్నా?"



  

నవంబరు 14

దీపావళికి ఏజెంటు రాలేదు. చెంగయ్య మద్రాసు పోయినాడు. ఆఫీసుకు తాళం వేసి ఉందట. పక్క అంగడివాడు, నగరి నుంచి వచ్చినవాళ్లలో నువ్వు ఎన్నోవాడివో లెక్క తప్పిందయ్యా అన్నాడట.

నవంబరు 20

పుత్తూరులో జయరావు ఇంటికి పోయినాను. నేనుగా ఒక వ్యాపారి గడప ఎక్కడం జీవితంలో ఇదే మొదలు. కాఫీ ఇచ్చినాడు. చెంగయ్య నేతంటే తనకు ఇప్పటికీ ఇష్టమేనట. కానీ నూలు నారాయణవనం నేతగాళ్లకు ఇచ్చేసినాడు, వాళ్ల నోటి దగ్గరిది లాక్కోలేను కదా సారూ అన్నాడు. న్యాయమే. వ్యాపారి నోట న్యాయం విని తిరిగి వచ్చినాను.

1978 జనవరి 9

పత్రికకు వ్యాసం రాయాలని కూర్చున్నాను. మార్కెట్టు, దోపిడీ, ప్రభుత్వం. ప్రతి మాటా సరైనదే. చించేసినాను. చదివేది ఎవరు? నాలాంటివాళ్లు మూడొందల మంది, అన్నీ ముందే తెలిసినవాళ్లు.

ఫిబ్రవరి 2

చెంగయ్య బెంగుళూరు పోయినాడు, హోటల్లో పిండి రుబ్బడానికి. ఎనిమిదింటిలో ఆరు మగ్గాలు విప్పేసినారు. ఆ వీధిలో ఇప్పుడు కాకి అరిచినా వినిపిస్తుంది.

నేను చెప్పింది అక్షరం తప్పకుండా జరిగింది. ఇంత అసహ్యం ఎప్పుడూ పుట్టలేదు నా మీద నాకు.

మే 14

తిరుపతి బస్‌స్టాండు ముందర ఫుట్‌పాత్ మీద దేవకమ్మ. దుప్పటి పరిచి, దాని మీద చొక్కాలు. మిగిలిపోయిన క్రేపంతా కత్తిరించి కుట్టించిందట. పొద్దున బస్సుకు వచ్చి మాపు బస్సుకు పోతుందట. పది రోజులైందట. మా ఇంటి గడప తొక్కలేదు.

ఎవరో గుండు చేయించుకున్న పిల్లోడు, కడప వైపు మాట, ఒక చొక్కా పట్టుకుని ఊగిసలాడుతున్నాడు. ముడతలు పడిన గుడ్డ ఎవరన్నా తొడుక్కుంటారా అంటున్నాడు. లండన్ ఫ్యాషన్ అని చెప్పింది. వాడు నవ్వినాడు. అప్పుడు నన్ను చూసింది. బతిమాలినట్టు కాదు, ఊరికే చూసింది.

"ఇదో, ఈయన మా అన్న. లండన్ పొయ్యొచ్చినాడు, కాలేజీలో సారు. అడుగు నాయనా, ఆడ అందురూ ఇదే తొడుక్కుంటాండారో లేదో."

పిల్లోడు నా వైపు తిరిగినాడు. నిజమా సార్ అన్నాడు.

నిజమే అన్నాను. ఏ వీధిలో చూసినా ఇదే అన్నాను. అక్కడ ఇది దొరక్క కొట్టుకుంటున్నారని కూడా అన్నాను. గొంతు ఎత్తలేదు. మెల్లగా చెప్పినాను.

వాడు ఒకటి కొన్నాడు, వాడి స్నేహితుడు ఇంకొకటి. ఇరవై ఏళ్లలో నా మాట విని ఒక మనిషి ఒక పని చేయడం నేను కళ్లారా చూసింది ఇవాళే.

మే 15

కాలేజీకి సెలవులు. ఇవాళ కూడా పోయి దేవకమ్మ దుప్పటి పక్కన నిలబడినాను.