ఓనరు గారు పీకిన ఉల్లికాడలు

కార్తీక సోమవారం, రాత్రి

మేడమీద నేను కుండీల్లో పెంచిన ఉల్లికాడలన్నీ ఇంటి ఓనరు గారు ఈరోజు పీకి పారేశారు.

"కార్తీకమాసమండి బాబూ! నెత్తిమీద ఉల్లి పెట్టుకుని దీపమెలా పెట్టనండి?"

"ఉపవాసం మీకండి, కుండీలకు కాదు!" అన్నాను.

"అయితే ఇల్లు ఖాళీ చేసెయ్యండి."

గెంటడం కూడా 'అండి' పెట్టే గెంటుతారు. అమ్మ హడలిపోయింది. నిజంగానే ఖాళీ చేయిస్తే ఎక్కడికి పోతాం? కానీ ఈరోజు ఆకుకు అనుమతి అడిగితే, రేపు అన్నానికీ అడగాలి.

కోపంలో ఆయన వేళ్లతో సహా పీకారు. వేళ్లుంటే ఉల్లి మళ్లీ బతుకుతుంది. అన్నీ ఏరి తెచ్చి బకెట్టు నీళ్లలో పెట్టాను. ఆయన దీపానికి మేం అడ్డురాం, మా కుండీలకు ఆయనా రాకూడదు.

మిగతా వాటాలవాళ్లతోనూ మాట్లాడాను. రేపు సాయంత్రం ఐదింటికి అద్దెకున్నవాళ్లందరం మేడెక్కాలి. తలా ఒక కుండీతో.