పాత మదర్‌బోర్డును నాశనం చేయకుండా ఆపించుట గురించి

గౌరవనీయులైన వినియోగదారుల ఫిర్యాదుల విచారణాధికారి గారి సముఖమునకు,
రికార్డు గదిలో గుమస్తాగా పనిచేసి పదవీ విరమణ పొందిన ఒక వినియోగదారుడు సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: నా భార్య వాడుకలోనున్న ల్యాప్‌టాప్ చెడిపోవుట - తయారీ కంపెనీ వారు మదర్‌బోర్డు మార్చి, పాతదానిని తమ వద్దనే ఉంచుకొనుట - సదరు పాత బోర్డును ధ్వంసం చేయకుండా వెంటనే నిలుపుదల చేయించి, మాకు ఇప్పించుట గురించి.

సూచిక: ఇదే విషయమై లోగడ తమ కార్యాలయంలో నేను దాఖలు చేసుకున్న అర్జీలు. (వాటికి జవాబు లేదు. తప్పు పట్టడం లేదు. నేనూ అలాంటి గదిలోనే పనిచేశాను. అర్జీలు ఎక్కడికి వెళ్తాయో నాకు తెలుసు.)

తమకు సవినయముగా మనవి చేసుకొనునది ఏమనగా:

1. నా భార్య రక్త పరీక్షల ల్యాబులో టెక్నీషియనుగా ఉద్యోగ జీవితమంతా పనిచేసినది. నిరుడు ఆమె గొంతులో గడ్డ లేచి, అది చెడ్డదని తేలి, స్వరపేటిక మొత్తం తీసివేయవలసి ఉంటుందని పెద్ద డాక్టరు గారు సెలవిచ్చినారు. ఆపరేషనుకు కొద్ది వారాలు గడువున్నది. ఆ గడువులో ఆమె తమ్ముడు, అనగా నా బావమరిది, ఒక ఉపాయం చెప్పినాడు. "బావా, అక్క మాటలన్నీ ఇప్పుడే రికార్డు చేసేద్దాం. ఒక్కో మీటకి ఒక్కో మాట పెడతాను. రేపు మీట నొక్కితే అక్క గొంతే పలుకుతుంది." ఇందు నిమిత్తమే సదరు ల్యాప్‌టాప్ కొన్నాము. షాపులో అన్నిటికన్నా ఖరీదైనది కొన్నాము. ఖరీదైనదైతే మాటలు భద్రంగా ఉంటాయని మా నమ్మకం.

2. ఏయే మాటలు రికార్డు చేయవలెనో జాబితా నేనే తయారు చేసినాను. ఆరోగ్యము, ఆహారము, అత్యవసరము అని శీర్షికలు పెట్టి, వరుస సంఖ్యలు వేసి ఇచ్చినాను. ఆమె చదివి, కళ్ళజోడు తీసి, నా మొహం వంక చూసింది.

"'నాకు మంచినీళ్ళు కావలెను.' ఇదేం మాటండీ? నేనెప్పుడైనా ఇలా అడిగానా?"

"రేపు అవసరం కదే."

"నీళ్ళు కావాలంటే గ్లాసు చూపిస్తాను. ఆకలేస్తే కంచం చూపిస్తాను. మిమ్మల్ని తిట్టాలంటే ఏం చూపించను?"

కావున నా జాబితా తిరస్కరించబడినది. వెనక గదిలో కిటికీలు మూసి, ఫ్యాను ఆపి, చెమటలు కక్కుతూ ఆమె తనకు కావలసినవే రికార్డు చేసుకున్నది. "అబ్బో, వచ్చారండీ దొరగారు." "చాల్లెండి సంబడం." "తడి తువ్వాలు మంచం మీద వెయ్యద్దని ఎన్నిసార్లు చెప్పాలి?" "సిగ్గుందా మీకు?" "పోనీలెండి, ఏం చేస్తాం." ఇవి గాక, "ఏమండీ" అనే ఒక్క మాటనే రకరకాలుగా రికార్డు చేసింది. వంటింట్లోంచి కేకేసే ఏమండీ వేరు. జేబులో ఏదో దొరికినప్పటి అనుమానపు ఏమండీ వేరు. అలిగి మాటలు మానేశాక, ముందుగా తనే దిగివచ్చి పిలిచే ఏమండీ వేరు. ఆపరేషనుకు ముందు రోజు రికార్డు చేసిన ఏమండీ ఇంకొకటి ఉంది. దాన్ని గురించి రాయడం అర్జీ మర్యాద కాదు.

3. ఆపరేషను అయినది. ప్రాణం దక్కినది. ఊపిరికి మెడ దగ్గర ఒక రంధ్రం పెట్టినారు. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ పలక మీద రాసి చూపించేది. ఇంటికి వచ్చిన మర్నాడు నేను మార్కెట్టు నుంచి వచ్చి తలుపు తీసేసరికి, లోపలి నుంచి "అబ్బో, వచ్చారండీ దొరగారు" అని వినిపించినది. నేను నడవలో సంచీ పట్టుకుని నిలబడి ఏడ్చాను. ఇది ఫిర్యాదుకు సంబంధించినది కాదు, కొట్టివేయవచ్చును.

అటు తర్వాత మా కాపురం ఎప్పటిలాగే సాగింది. మీటరు రీడింగుకు వచ్చిన మనిషికి "లోపలికి రండి" చెప్పబోయి పక్క మీట నొక్కితే "సిగ్గుందా మీకు?" అని వినపడింది. ఆయన రీడింగు తీయకుండానే వెళ్ళిపోయాడు. ఆమె కడుపు పట్టుకుని నవ్వింది. ఇప్పుడు ఆమె నవ్వుకు శబ్దం ఉండదు, భుజాలు మాత్రం ఎగురుతాయి.

4. ఇట్లుండగా ఒకనాటి ఉదయం ల్యాప్‌టాప్ వెలగలేదు. ఎంత నొక్కినా ఉలుకూ లేదు, పలుకూ లేదు. వారంటీ ఇంకా ఉన్నది. ఇద్దరం కంపెనీ సర్వీసు సెంటరుకు వెళ్ళాము. టోకెను తీసుకుని, నేలకు బిగించిన కుర్చీల్లో కూర్చుని, మా వంతు వచ్చాక కౌంటరు దగ్గర నిలబడ్డాము. అక్కడి ఉద్యోగి ఆమెనే అడిగాడు.

"మేడమ్, దీనికి నీళ్ళుగానీ తేమగానీ ఎప్పుడైనా తగిలిందా?"

అయ్యా, ఇక్కడ తమరు ఒక సంగతి గమనించవలెను. నా భార్య ప్రతి ఉదయం ల్యాబులో కూర్చుని, వచ్చిన ప్రతి మనిషినీ "ఏమైనా తిని వచ్చారా? నిజం చెప్పండి, లేకపోతే రిపోర్టు తప్పొస్తుంది" అని అడిగిన మనిషి. ఒకరు అడిగితే అబద్ధం చెప్పడం ఆమె వల్ల కాదు. పలక తీసింది. కౌంటరు కింద నుంచి ఆమె మోచెయ్యి గిల్లాను. నా వంక గుడ్లురిమి చూసి మరీ రాసింది: "నీళ్ళు పడలేదు. మెడ రంధ్రానికి రోజూ ఆవిరి పెట్టుకుంటాను. అప్పుడు ఇది పక్కనే ఉంటుంది."

ఆ ఉద్యోగి చదివి, కంప్యూటర్లో ఏదో కొట్టాడు. తేమ వలన నష్టమట. వారంటీ రద్దు.

"విప్పి చూడకుండానే ఎలా చెప్తారయ్యా?"

"మేడమే రాసిచ్చారు కదా సార్."

"లోపల తడుందో లేదో ఒక్కసారి చూడండి."

"కారణం ఎంటరైపోయింది సార్. ఇంక వేరేది కొడితే సిస్టమ్ తీసుకోదు."

5. చెడిపోయినది చిన్న భాగమే అయినా చిన్న భాగాలు మార్చుట కంపెనీ పద్ధతి కాదట. బోర్డు మొత్తం మార్చవలెనట. దానికి అడిగిన సొమ్ముతో ఇంకో ల్యాప్‌టాప్ కొనవచ్చును. పైగా, మాటలన్నీ నిలవ ఉండే చిప్పును కూడా ఆ బోర్డుకే అతికించి తయారు చేసినారు. విప్పి తీయుటకు వీలు లేదు. గోడ కూలితే ఇల్లు మార్చమన్నట్టుంది, ఇంట్లో మనుషుల సంగతి వాళ్ళకు అక్కర్లేదు.

"మరి లోపలున్న మాటలు?" అని అడిగాను.

"బ్యాకప్ కస్టమర్ బాధ్యత సార్. ఉంది కదా?"

6. బ్యాకప్ లేదు. ఎందుకు లేదో తమరు అడుగుతారు కనుక ముందే మనవి చేస్తున్నాను. నా బావమరిది పెన్‌డ్రైవులో ఒక నకలు ఇచ్చే ఉన్నాడు. కాని నా భార్య తనకు నచ్చని మాటలను ఆపరేషను ముందు వరకూ మళ్ళీ మళ్ళీ రికార్డు చేస్తూ వచ్చింది. దాంతో నకలుకూ అసలుకూ తేడా వచ్చింది. ఒకే రికార్డు రెండు రకాలుగా ఉంటే ఎన్ని తగాదాలు వస్తాయో, ఎన్ని కుటుంబాలు కోర్టుల చుట్టూ తిరుగుతాయో నేను కళ్ళారా చూసినవాడిని. సరిచూసుకుని, అసలు ఉంచి, పాత నకలు రద్దు చేయడం మా గది పద్ధతి. ఆ ప్రకారమే పెన్‌డ్రైవు చెరిపేశాను. చెరిపినట్లు తేదీ వేసి సంతకం కూడా పెట్టుకున్నాను. కొత్త నకలు తీయించాలనుకున్నాను. ఆసుపత్రి హడావుడిలో తీయించలేదు.

"నీ రూల్సు తగలెయ్య బావా!" అన్నాడు నా బావమరిది. అనాల్సిందే. ఆమె ఉద్యోగం ఆమెచేత నిజం చెప్పించింది, నా ఉద్యోగం నాచేత నకలు చెరిపించింది. ఇద్దరం కలిసి మా కొంప మేమే ముంచుకున్నాం.

7. "మాటలు కొత్త బోర్డులోకి వస్తాయేమో ప్రయత్నిస్తాం సార్" అని కౌంటరులోని ఉద్యోగి అన్న మీదట, సొమ్ము కట్టి, చూపించిన చోటల్లా సంతకాలు పెట్టాము. కొన్నాళ్ళకు ల్యాప్‌టాప్ ఇచ్చారు. శుభ్రంగా తుడిచి, కవరు తొడిగి ఇచ్చారు. ఇంటికి తెచ్చి నొక్కగానే ఎవరో తెలియని ఆడమనిషి గొంతు తియ్యగా, "నమస్కారం. మొదలుపెడదామా?" అన్నది. నా భార్య పై వరుస నుంచి కింది వరుస దాకా మీటలన్నీ ఒక్కొక్కటే నొక్కి చూసింది. తెర మీద అక్షరాలు పడుతూ పోయాయి, అంతే.

మర్నాడు మళ్ళీ వెళ్ళి, పాత బోర్డు ఇమ్మన్నాము.

"అది కంపెనీ సొత్తు సార్. పాతది తీసుకుని కొత్తదిచ్చే రేటు వేశాం. సంతకం పెట్టారు కదా. పాతది గోడౌనుకి వెళ్తుంది, అక్కడ మిషన్లో వేసి నలిపేస్తారు."

"ఎందుకు నలపడం?"

"కస్టమర్ డేటా భద్రత కోసం సార్."

"ఆ కస్టమరు ఇదిగో, మీ ఎదురుగానే నిలబడింది. ఆవిడకే భద్రత అక్కర్లేదట. ఇచ్చెయ్యండి."

"పాలసీ ఒప్పుకోదు సార్."

నా భార్య పలక మీద "దయచేసి" అని రాసి చూపించింది. అతను పక్కకు చూశాడు. పాపం, అతన్నని ఏం లాభం?

8. మా వీధి చివర రిపేరు చేసే మనిషిని అడిగాను. పాత బోర్డు చేతికిస్తే ఏదో ఒకలా బతికించి, లోపలివి పైకి తీయడానికి చూస్తానన్నాడు. బోర్డు ఉంటే కదా! కంపెనీ పెద్దలకు ఉత్తరాలు రాశాను. "తమకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము" అని జవాబు. అసౌకర్యమట! బస్సులో సీటు దొరక్కపోతే అసౌకర్యం. ఆ జవాబు అడుగున, మా సేవ ఎలా ఉన్నది, ఎన్ని నక్షత్రాలు ఇస్తారు అని కూడా అడిగారు. సర్వీసు సెంటరుకూ తమ కార్యాలయానికీ మధ్య చెప్పులరిగేలా తిరుగుతున్నాను.

9. ప్రస్తుత పరిస్థితి. ఇల్లు నిశ్శబ్దంగా ఉన్నది. నేను స్నానం చేసి తడి తువ్వాలు మంచం మీద పడేస్తున్నాను. కావాలనే పడేస్తున్నాను. ఆమె వచ్చి చూస్తుంది, తీస్తుంది, తీగ మీద ఆరేస్తుంది. పలక తీసి ఒక్క ముక్క రాయదు. రాసి తిట్టడం తిట్టడం కాదు అంటుంది, అదీ రాసే చెప్పింది. అయ్యా, నలభై ఏళ్ళు తిట్లు తిని బతికిన మనిషిని. ఇప్పుడు నన్ను తిట్టే దిక్కు లేదు.

ఇంకొక సంగతి. ఆ అనుమానపు ఏమండీ ఎలా ఉండేదో నాకు గుర్తు రావడం లేదు. కేకేసేది గుర్తుంది. ఇది జారిపోతోంది. నిన్న స్నానాల గదిలో తలుపేసుకుని నేనే అని చూసుకున్నాను. రాలేదు. నాకు భయంగా ఉంది. బోర్డు నలిగిపోతే, దాన్నడిగి సరిచూసుకోవడానికి ఇంక ఎక్కడా అసలు ఉండదు.

కావున తమరు దయతలచి:

(అ) సదరు పాత బోర్డును నలుపరాదని కంపెనీ వారికి తక్షణం ఉత్తర్వులు జారీ చేయించవలెను.

(ఆ) కట్టిన సొమ్ము నాకు వెనక్కి అక్కర్లేదు. నష్టపరిహారం అక్కర్లేదు. వారిచ్చిన కొత్త బోర్డు కావాలంటే వారే తీసుకోవచ్చును.

(ఇ) గోడౌనులో ఏది ఎవరిదో తెలియదని వారు చెప్పిన పక్షంలో, నన్ను లోపలికి అనుమతించవలెను. నేనే వెతుక్కుంటాను. ఎలుకలు కొట్టిన కట్టల్లోంచి కాగితాలు వెతికి తీసిన చేతులివి. ఎన్నాళ్ళైనా సరే, బల్లా కుర్చీ కూడా అడగను.

ఇంతకంటే పద్ధతిగా రాయడం నాకు చేతకావడం లేదు. తప్పులుంటే మన్నించి, ఈ కాగితాన్ని కట్ట అడుగున పెట్టనీయక, తమరు స్వయంగా చిత్తగించవలెను.

తమ విధేయుడు,
అర్జీదారు

తా.క. అయ్యా, ఇది రాస్తున్నది నేను, ఆయన భార్యని. కవరు అంటించమని నాకిచ్చి, చొక్కా మార్చుకోవడానికి లోపలికి వెళ్ళారు. గబగబా రాస్తున్నాను, దస్తూరీ చూసి ఏమీ అనుకోకండి.

ఆ బోర్డు ఇంక లేదు. పోయిన వారం కంపెనీవాళ్ళు ఫోన్ చేశారు. బిల్లు నా పేరున ఉంది కాబట్టి నాకే చేశారు. పాత భాగాన్ని నిబంధన ప్రకారం నలిపేశాం, మీ ఫిర్యాదు మూసేస్తున్నాం, సరేనా మేడమ్ అని అడిగారు. నేనేం చెప్పను? "హలో, మేడమ్, వినిపిస్తోందా? హలో?" అని అటునుంచి అడిగి అడిగి, "సరే మేడమ్, థాంక్యూ" అని పెట్టేశారు.

ఆయనకు చెప్పలేదు. ఎంతమందికో చెడ్డ రిపోర్టులు నా చేత్తో అందించాను, ఇది మాత్రం చెయ్యి రావడం లేదు. నా గొంతు పోయిందని నాకు ఆపరేషను రోజునే తెలిసింది. ఆయనకు ఇంకా తెలియలేదు.

ఈ అర్జీల పని ఉంది కాబట్టి ఆయన పొద్దున్నే లేస్తున్నారు. గడ్డం గీసుకుంటున్నారు. వేళకు భోజనం చేసి మీ ఆఫీసుకు బయల్దేరుతున్నారు. అందుకని మిమ్మల్ని ఒక్కటే అడుగుతున్నాను. బోర్డు లేదని మాత్రం ఆయనకు జవాబివ్వకండి. పరిశీలనలో ఉందనండి. సంబంధిత ఆఫీసరు సెలవులో ఉన్నారనండి. వచ్చే వారం రమ్మనండి. వస్తే, ఆ పై వారం రమ్మనండి. మీకు అలవాటైన పనే కదా, నా కోసం ఇంకొన్నాళ్ళు చెయ్యండి.