అడుగున మిగిలేది

సుజాతా,

ఆఖరి రోజు పొద్దున నువ్వు కందిపప్పు గాలిస్తున్నావు. అమెరికాలో దొరికే పప్పులో రాళ్లుండవని నేను నవ్వితే, "చేతికి అలవాటండీ" అన్నావు. సాయంత్రానికి నువ్వు లేవు.

ఇవాళ్టికి ఏడాది. ఏటి ఇసుకలో నిజంగా బంగారం దొరుకుతుందా అని అడిగేదానివి కదా, చూద్దామని అమ్మాయీ నేనూ కొలరాడో వచ్చాం. పళ్లెంలో ఇసుకా నీళ్లూ పోసి, అచ్చం నీలాగే గాలించాను. పైదంతా గిన్నెలోకి వంచుకుని, అడుగున మిగిలింది ఏట్లో పారబోశాను.

"నాన్నా! గోల్డ్ హెవీ కదా, అడుగునే ఉంటుంది. ఇది అమ్మ పప్పు కాదు!" అని అమ్మాయి ఒకటే నవ్వు.

రెండోసారి నల్లటి ఇసుకలో మూడు నలుసులు మెరిశాయి. దొరుకుతుంది, సుజాతా.

ఇన్నేళ్లూ నీ గిన్నె అడుగున ఏం మిగిలేదో నేను చూడనేలేదు. రేపు ఇంటికి చేరాక పప్పు నేనే గాలిస్తాను. అడుగున ఏముందో చూశాకే పారబోస్తాను.