తల వంచి తీసే కెమెరా

2001 మే 8

ఎద్దులగట్టుపల్లెకు పోయి వచ్చాను. జమ్మలమడుగు నుంచి పద్నాలుగు కిలోమీటర్లు. అందులో చివరి ఆరూ రోడ్డు అనడానికి లేదు. రాజీ మీద పేపరుకు స్టోరీ. మార్చిలో కోర్టులో రెండు వైపుల సాక్షులూ మాట మార్చారు. కేసులు పోయాయి. దీన్నే ఇక్కడ రాజీ అంటారు. పదమూడేళ్ళ ఫ్యాక్షన్‌లో ముగ్గురు చనిపోయారు. పేర్లు నా పాత డైరీల్లో ఉన్నాయి.

ఒక వర్గానికి పెద్ద బాలయ్య. అరుగు మీద కూర్చుని గంటసేపు మాట్లాడాడు. చివర్లో ఫోటో కోసం ఆఫీసు కెమెరా కంటికి ఎత్తాను. ఆయన చెయ్యి మొహానికి అడ్డం వచ్చింది. వెనక ఇద్దరు మనుషులు లేచి నిలబడ్డారు. దించేశాను.

మజ్జిగ తెచ్చింది ఆయన భార్య పెద్దసుబ్బమ్మ. గ్లాసు చేతికిస్తూ, అన్నా, నన్నూ మా చెల్లెల్నీ ఒక్క ఫోటో తియ్యి, ఓట్లు రాకముందే, అంది. చెల్లెలు చిన్నసుబ్బమ్మ ఓబులయ్య భార్య. అంటే బాలయ్యా ఓబులయ్యా తోడల్లుళ్ళు. 88 పంచాయతీ ఎన్నికల్లో చెరొక పార్టీ అయ్యారు. గొడవలు ముదిరి ఓబులయ్య ఊరు వదిలాడు. ఇప్పుడు పులివెందుల దగ్గర చీనీ తోట, అంటే బత్తాయి. ఊళ్ళో అతని మనుషులు మాత్రం అలాగే ఉన్నారు. ఆగస్టులో మళ్ళీ పంచాయతీ ఎన్నికలంటున్నారు. ఓట్లొస్తే మళ్ళా ఎవురి పార్టీ వాళ్ళది, ఈసారి ఇడిపోతే మేం పొయ్యేలోపల కలిసేది ల్యా, అంది పెద్దసుబ్బమ్మ. మొహంలో ఏ మార్పూ లేకుండా అంది.

బాలయ్య వింటూనే ఉన్నాడు. తియ్యప్పా, ఎవురొద్దన్నారు, కానీ కంటికెత్తి గురి సూసేది వద్దు, అన్నాడు. ముందర నువ్వు తెస్తాంటివే, పొట్ట కాడ పెట్టుకోని తల వంచుకోని తీసేది, దాన్ని తీస్కరా. ఓబులయ్య నిలబడితే నేనూ నిలబడతా.

మే 9

ట్రంకు పెట్టె అడుగున, పాత దుప్పటి కింద ఉంది. జపాన్ కెమెరా. పైనొక లెన్సు, కిందొక లెన్సు. పై దానిలోంచి నేను చూస్తాను, కింది దానిలోంచి ఫిల్ము చూస్తుంది. 90లో ఆఫీసు వాళ్ళు 35 ఎంఎం ఇచ్చాక లోపల పెట్టాను. పదకొండేళ్ళు తీయలేదు. లెదర్ కేసు చేతికి పొడిగా రాలింది. షటర్ నొక్కితే చప్పుడు లేదు. ఫోకస్ నాబ్ తిరగలేదు. లెన్సు లోపల బూజు. వ్యూఫైండర్ అద్దం బొల్లి వచ్చినట్టుంది.

89 సంగతి మర్చిపోయి నిన్న కెమెరా ఎత్తడం నా తప్పే. ఆ ఏడు బాలయ్య మేనకోడలి పెళ్ళిలో స్టూడియో ఫోటోగ్రాఫర్ ఒకడు మిద్దె ఎక్కి పొడుగు లెన్సు కంటికి పెట్టాడు. కింద నుంచి చూసిన వాళ్ళకి అది తుపాకీ. ఎవరో నాటుబాంబు విసిరారు. అది ఎరువు దిబ్బలో పడి పేలలేదు. మనుషులకేమీ కాలేదు. మూడు వందల మంది అన్నం తినకుండా పారిపోయారు. అదే పందిట్లో నేనూ ఉన్నాను, ఈ కెమెరాతో. తల వంచుకుని కిందికి చూస్తున్న నన్ను ఎవరూ పట్టించుకోలేదు.

మే 10

నూరుల్లాకు ఇచ్చాను. ప్రొద్దుటూరులో గడియారాల మెకానిక్. వాళ్ళ నాన్న కెమెరాలు కూడా బాగు చేసేవాడు. ఒకే గది. కుడి పక్క ఆయన గడియారాలు, ఎడమ పక్క భార్య గుల్జార్‌బీ కుట్టు మిషను, మధ్యలో పూల కర్టెన్. ఏంది సార్, గోరీలోంచి తవ్వినట్టుండాది, అన్నాడు నూరుల్లా. బాగవుతుందా అని అడిగాను. లోపల ఏం సచ్చిందో సూడకుండా ఎట్ట చెప్తా, అన్నాడు. నాకు నచ్చే జవాబు.

మే 14

ఏమీ చావలేదట. గ్రీజు గట్టిపడి షటర్ రేకులు అతుక్కున్నాయి, అంతే.

మే 18, సాయంత్రం 5

నూరుల్లా నన్ను కూర్చోబెట్టి వినమన్నాడు. పెట్రోలుతో కడిగి బిగించాడు. స్పీడు ఒక సెకనుకు పెట్టి వదిలాడు. జ్‌జ్‌జ్ అని పోయి క్లిక్ అంది. అర సెకను. పావు. కొలిచే యంత్రం లేదు, చెవి ఒక్కటే. ముప్పై ఏండ్లు గడియారాల్ని విన్న చెవి ఇది, సెకను యాడ మొదలయ్యి యాడ అయిపోతాదో దీనికి తెలుసు, అన్నాడు. కర్టెన్ వెనక నుంచి గుల్జార్‌బీ, నేను పిలిస్తే మాత్రం ఇనపడదు ఆ చెవికి, అంది.

చాలా సేపు నవ్వాం. పదకొండేళ్ళ తర్వాత ఆ చప్పుడు విన్నాను. ఆఫీసుకు పేపరు డెస్క్ నుంచి రెండుసార్లు ఫోనొచ్చిందట.

మే 23

పులివెందుల. ఓబులయ్యను తోటలో కలిశాను. బాలయ్య మాట చెప్పాను. చీనీకాయ కోసి చేతిలో పెట్టి, తీసేది ఆ తలకాయ వంచే కెమెరాతోనేనా, అని అడిగాడు. అవునన్నాను. అయితే వస్తా, వాళ్ళూరికి మాత్రం రాను, అన్నాడు. బాలయ్య ఇక్కడికి రాడు. ఎవరిదీ కాని చోటు కావాలి. పెన్నా ఇసుక అన్నాను. ఏట్లో అయితే సరే, అన్నాడు. భార్య చిన్నసుబ్బమ్మ పాదులు తీస్తూ తల ఎత్తలేదు. చేతిలో పార మాత్రం ఆగింది.

మే 27

అద్దం తంటా. నూరుల్లా మామూలు అద్దం ముక్క కోయించి బిగించాడు. ఫైండర్‌లో ప్రతి మనిషి పక్కనా ఇంకో మసక మనిషి. వెనక మూత తెరిచి, ఫిల్ము ఉండే చోట బటర్ పేపర్ అతికించి, షటర్ తెరిచిపెట్టి చూశాను. పైన స్పష్టంగా కనిపిస్తున్నప్పుడు కింద మసక. ఈ అద్దంతో తీస్తే నలుగురూ మసకే. మెరిసే పూత అద్దం పైన ఉండాలి, వెనక కాదు.

మే 30

దొరికింది. జిరాక్స్ కొట్టు వెనక పడేసిన మిషన్లో. నూరుల్లా సైకిలు మీద నాలుగు కొట్లు తిరిగాడు. ఆ మిషన్లలో అద్దాలకు పూత పైనే ఉంటుందని ఆయనకు ఎలా తట్టిందో తెలీదు. అడిగితే, తట్టింది సార్, అన్నాడు.

బటర్ పేపర్ మీద గుల్జార్‌బీ మిషను సూది కొన తలకిందులుగా, స్పష్టంగా పడింది.

జూన్ 1

ఈ కెమెరాకు పట్టే 120 ఫిల్ము స్టూడియోలో మూడు రోళ్ళే ఉన్నాయి. ఇక తెప్పించరట. మూడూ తెచ్చాను. ఒకటి టెస్టుకి. నూరుల్లా, అతని గోడగడియారాలు, ఎదురుగా హోటలు. అన్ని ఫ్రేముల్లోనూ ఒక మూల నుంచి తెల్లటి చార. వెనక మూత అంచులో స్పాంజి పట్టీ కరిగిపోయింది. వెలుతురు దూరుతోంది.

జూన్ 2

గుల్జార్‌బీ బురఖా అంచులకు వేసే నల్ల మఖమల్ పీలికలు కత్తిరించి ఇచ్చింది. మూత గాడిలో వేలితో అతికించింది కూడా ఆమే. నూరుల్లా వేళ్ళు లావట. ఎండలో పెట్టి చూశాం. చుక్క వెలుతురు లేదు.

అప్పుడు చూశాను. మిషను మీద రెండు రవికలు. ఒకే గుడ్డ, చిన్న చిన్న తామరపూలు. కొలతలు వేరు. సుద్దతో ఒకదాని లోపల జమ్మలమడుగు అని, రెండోదాని లోపల పులివెందుల అని రాసి ఉంది. ఎవరివి అని అడిగాను. గిరాకీలవి అంది. ఏ గిరాకీలు అన్నాను. ఆమె మిషను ఆపింది. పేపర్లో ఏస్తే ఆ మఖమల్ పీకి పారేస్తా అన్నా, అంది. వెయ్యనన్నాను.

అక్కాచెల్లెళ్ళు, సుబ్బమ్మలిద్దరూ, పదమూడేళ్ళుగా ఇక్కడే కలుస్తున్నారట. శుక్రవారం మధ్యాహ్నం నూరుల్లా నమాజుకు పోయినప్పుడు కొట్లో మగవాళ్ళుండరు. ఇద్దరూ వేర్వేరు బస్సుల్లో వస్తారు. గుడ్డ ఇవ్వడానికొక శుక్రవారం, తీసుకోవడానికొక శుక్రవారం. కలవడానికి ప్రతిసారీ ఒక సాకు కావాలి కాబట్టి రవికలు కుట్టిస్తూనే ఉన్నారు. ఒక్క తానులో ఇద్దరికీ. ఆ గుడ్డవి ఇళ్ళల్లోనే తొడుక్కుంటారు, ఆడొకటి ఈడొకటి, రెండూ ఒకచోట ఎవురికీ కనపడవు గదా, అంది గుల్జార్‌బీ.

ముగ్గురు పోయిన రోజుల్లో కూడా వచ్చారా అని అడిగాను. ఒక్క శుక్రవారం తప్పిపోలేదంట. ఆ రోజుల్లో మాట్లాడుకునేవాళ్ళు కాదట. పక్కపక్కన కూర్చుని కాజాలు కుట్టిపెట్టేవాళ్ళట.

పదమూడేళ్ళుగా ఈ ఫ్యాక్షన్ రాస్తున్నది నేనే. కొట్టు మా ఆఫీసుకు నాలుగో వీధి.

జూన్ 14, ఉదయం 7

పెన్నా. ప్రొద్దుటూరు వంతెన కింద ఇసుక. అటు నుంచి ఒక జీపు, ఇటు నుంచి ఒక జీపు. రెండు వైపులా కుర్చీలు తెచ్చుకున్నారు. బాలయ్య వాళ్ళ కుర్చీలకు చేతులున్నాయి, ఓబులయ్య వాళ్ళవాటికి లేవు. ఏవి వెయ్యాలో పది నిమిషాలు తేలలేదు. ఈలోగా అక్కాచెల్లెళ్ళు ఇసుకలో కూర్చున్నారు.

మగవాళ్ళు వెనక నిలబడ్డారు. మధ్యలో ఎద్దులబండి పట్టేంత ఖాళీ. ఈ కెమెరా ఫ్రేము చదరం. నేను నాలుగడుగులు వెనక్కి వేస్తే నలుగురూ పడతారు. వెయ్యలేదు. పాత కెమెరా, ఫోకస్ పదడుగుల దగ్గరే పట్టుకుపోయింది, నేను వెనక్కి పోలేను, మీరే ఒకరికొకరు దగ్గరికి జరగాలి, అన్నాను. అబద్ధం. నాబ్ వెన్నలా తిరుగుతుంది. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో ఎన్నడూ అబద్ధం రాయలేదు. చెప్పడం వేరనుకున్నాను.

ఓబులయ్య అడుగు వేశాడు. బాలయ్య అరడుగు వేసి, నువ్వే ఇంకొంచెం జరగరాదా, అన్నాడు. పదమూడేళ్ళలో తోడల్లుడితో మొదటి మాట. నీ పొట్టకు చోటు పెడతాండాలే అన్నా, అన్నాడు ఓబులయ్య. ఒక జీపు దగ్గర ఎవరో నవ్వారు. తర్వాత రెండో జీపు దగ్గర.

తల వంచాను. ఇద్దరూ ఛాతీలు నిటారు చేశారు. నేను తల వంచడం తమకు పెట్టిన దండం అనుకున్నారు కాబోలు. ఫైండర్‌లో కుడి ఎడమలు మారతాయి. బాలయ్య ఓబులయ్య చోట, ఓబులయ్య బాలయ్య చోట. పన్నెండు ఫ్రేములూ కొట్టాను. షటర్ ఒక్కసారీ ఆగలేదు.

జూన్ 16

ఫిల్ము కడిగాను. చార లేదు, మసక లేదు. ఏడో ఫ్రేములో నలుగురూ కళ్ళు తెరిచి ఉన్నారు. భూతద్దం పెట్టాను.

ఇద్దరి రవికల మీదా తామరపూలు. కొంగు చాటున కొంచెం కాదు, కొంగులు పక్కకు లాగి మరీ. ఆ ఉదయం నేను చూసింది ఫోకసే. వాళ్ళ రవికలు చూడలేదు.

జూన్ 17

ప్రింటు వెయ్యలేదు. ముదురుగా వేస్తే పూలు కనపడవు. రాజీ అయి నాలుగు నెలలు కూడా నిండలేదు. ఆడవాళ్ళు పదమూడేళ్ళు కళ్ళుగప్పారని మగవాళ్ళకు తెలిస్తే ఏమవుతుందో చెప్పలేను. ముదురుగా వెయ్యడం కూడా అబద్ధమే.

జూన్ 22, శుక్రవారం

మామూలుగానే వేసి, ప్రింటు కవర్లో పెట్టుకుని మధ్యాహ్నం గుల్జార్‌బీ కొట్టుకు పోయాను. ఇద్దరూ ఉన్నారు. నన్ను చూసి చిన్నసుబ్బమ్మ లేవబోయింది. పెద్దసుబ్బమ్మ చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. ప్రింటు చూపించి, రవికల సంగతి చెప్పి, దీన్ని ఇయ్యమంటారా వద్దా అని అడిగాను.

తెలిసే ఏసుకోనొచ్చినాం అన్నా, అంది పెద్దసుబ్బమ్మ. నోటితో చెప్పాలంటే ప్రతిసారీ భయమే, అందుకే నీ కెమెరాతో చెప్పిస్తాండాం.

చిన్నసుబ్బమ్మ ప్రింటు వైపే చూస్తోంది. అక్కా, నీ రైక చెయ్యి కొంచెం బిగువైనట్టుంది సూడు, అంది. గుల్జార్‌బీ ఒప్పుకోలేదు. అక్క లావైందట, కొలత మారలేదట. ముగ్గురూ దాని మీద పడ్డారు. నేను వచ్చేశాను.

జూన్ 24

ఎద్దులగట్టుపల్లె. బాలయ్య ఫోటోను చేతులు చాచి దూరంగా పట్టుకుని చూశాడు, తర్వాత దగ్గరగా. పొట్ట బాగానే పడింది అన్నాడు. వేలు రవికల మీదికి పోయింది. ఈ రైకలు యాడ కుట్టించినారు, అని అడిగాడు. నన్ను కాదు. పెద్దసుబ్బమ్మ గడప దగ్గర నిలబడి చెప్పింది. ప్రొద్దుటూరు, గుల్జార్‌బీ కాడ, పదమూడేండ్లుగా.

నా చేతిలో మజ్జిగ గ్లాసు ఉంది. తాగలేదు.

బాలయ్య మళ్ళీ ఫోటో చూశాడు. నా మనుషులు ఇరవై మంది, ఒక్కడూ కనుక్కోల్యా, అన్నాడు. తర్వాత గోడకు మేకు కొట్టమని లోపలికి కేకేశాడు. ఓబులయ్య సూసినాడా అని నన్నడిగాడు. రేపు పోతున్నానన్నాను. ఆయప్ప ఏమంటాడో నాకొచ్చి చెప్పు, అన్నాడు.

జూన్ 25

ఓబులయ్యకు పూలు కనిపించడానికి అర నిమిషం పట్టింది. నెలనెలా రైకలేందని అడిగితే తోట పనిలో చెమటకు చినుగుతాండాయి అని చెప్తాండె, అన్నాడు. భార్య వైపు చూశాడు. చిన్నసుబ్బమ్మ ఈసారి తల ఎత్తే ఉంది. ఆయన ముందు నవ్వాపుకున్నాడు, తర్వాత ఆపుకోలేదు. బాలయ్య ఏమన్నాడు, అని అడిగాడు. మేకు సంగతి చెప్పాను. మా గోడకు రెండు మేకులు కొట్టిస్తానని చెప్పు పో, అన్నాడు.

బస్సులో ఒడి నిండా చీనీకాయలు. డెస్క్‌కు ఈ స్టోరీ పంపలేదు. గుల్జార్‌బీకి మాటిచ్చాను.

జూలై 20, శుక్రవారం, మధ్యాహ్నం 1.40

పంచాయతీ ఎన్నికల ప్రకటన వచ్చింది. ఎద్దులగట్టుపల్లెలో బాలయ్య మనిషి ఒకడు, ఓబులయ్య మనిషి ఒకడు పోటీ. చెరొక పార్టీ.

గుల్జార్‌బీ కొట్టు ముందు రెండు జీపులు, రెండు జెండాలు. ఆడవాళ్ళు లోపల. తోడల్లుళ్ళు చెరొక జీపులో, చెరొక వైపుకు తిరిగి కూర్చుని ఎదురుచూస్తున్నారు. కొత్త రోలు, మొదటి ఫ్రేము. తల వంచాను. ఇద్దరూ ఛాతీలు నిటారు చేశారు.