లైట్‌హౌస్ మెట్ల మీద ఎవరు?

జూన్ 2

ఇందుమూలంగా సమస్త జనులకు తెలియజేయునది ఏమనగా, నేటి సూర్యోదయం మొదలుకొని మా కుట్టుషాపులో కిటికీ పక్కనున్న నా స్టూలు మీద నేను తప్ప అన్యులు కూర్చోరాదు. స్టూలు మీది దిండును ఎత్తరాదు, ఒత్తరాదు, ఎండలో వేయరాదు. దిండు పలకలా గట్టిగా ఎందుకుందని ప్రశ్నించరాదు. ధిక్కరించినవారి నడుము కొలత రెండంగుళాలు పెంచి, షాపులో అందరి ముందూ గట్టిగా చదవబడును.

ఈ డైరీ చదివేవాళ్ళు లేరని తెలుసు. అయినా చట్టం చట్టమే.

దిండు కింద ఉన్నది లైబ్రరీ పుస్తకం. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ళ వాళ్ళ కోసమని అట్ట మీదే అచ్చేశారు. నాకు నలభై ఎనిమిది.

జూన్ 3, మధ్యాహ్నం

లైబ్రరీ మా షాపుకి ఎదురుగానే ఉంది. మేడ మీద, మూలన, టీనేజి పిల్లల షెల్ఫ్ ఒకటి. ఆ షెల్ఫ్ పుస్తకాలు టీనేజి కార్డు మీదే ఇస్తారు. మా అమ్మాయికి కావాలని చెప్పి కార్డు తీసుకున్నాను. నాకు అమ్మాయి లేదు. ఉన్నది ఒక మొగుడు, ఒక ఆడపడుచు, రెండు కుట్టుమిషన్లు. ఈ నాలుగింటిలో నా మాట వినేవి మిషన్లే.

ఆ షెల్ఫ్ చూసే కుర్ర లైబ్రేరియన్ని నేను కళ్ళజోడు అంటాను. మొహంలో ఇంకేమీ కనపడదు మరి. వెళ్ళినప్పుడల్లా పాప ఏమందండీ, నచ్చిందా అని అడుగుతాడు. మా పిల్లకి ఏడుపు పుస్తకాలు పడవు బాబూ, గోడలు దూకేవి ఇవ్వు అంటాను. వంగి, మోకాళ్ళ మీద కూర్చుని, ఒకటి తీసి, కాదని పెట్టేసి, ఇంకోటి తీసి ఇస్తాడు. మా వాళ్ళు నాకు పెళ్ళికొడుకుని కూడా ఇంత శ్రద్ధగా ఎంచలేదు. కాకపోతే నన్ను ఆంటీ అంటాడు. అందుకు ఎప్పుడో ఒకరోజు వాడి చొక్కా చేతుల మూతులు కుట్టేస్తాను.

అతనిచ్చినా సరే, నా పరీక్ష నాకుంది. గుడ్డ కొనేటప్పుడు గుప్పిట్లో నలిపి చూస్తాను. ముడత నిలిచిందా, వద్దు. పుస్తకానికైతే మధ్యలో ఒక పేజీ తీసి నిలబడి చదువుతాను. కాళ్ళనొప్పి గుర్తొచ్చిందా, వద్దు. పెద్దవాళ్ళ పుస్తకాలకీ ఇదే పరీక్ష పెట్టాను. వాటిలో మొగుడూ పెళ్ళాం కిటికీలోంచి చూస్తూ ఇరవై పేజీలు బాధపడతారు. ఆ మాత్రం బాధ మా ఇంట్లో కిటికీ అక్కర్లేకుండానే దొరుకుతుంది.

జూన్ 7

రెండో భాగం అయిపోయింది. అయిపోవడమంటే అదీ!

కథ ఇది. పదహారేళ్ళ పిల్ల తమ్ముణ్ణి వెంటేసుకుని పినతండ్రి ఇంట్లోంచి పారిపోయి, మూతబడ్డ లైట్‌హౌస్‌లో దొంగతనంగా కాపురం పెడుతుంది. మొదటి భాగంలో తుఫాను. రెండో భాగంలో ఆకలి. చివరి పేజీలో ఇద్దరూ పైగదిలో దీపం ఆర్పి కూర్చుంటారు. కింద తలుపు తాళం పగులుతుంది. మెట్ల మీద అడుగులు. ఒక్కో మెట్టూ ఎక్కుతూ వస్తున్నాయి. తలుపు పిడి తిరిగింది. అంతే. మిగతాది మూడో భాగంలో అట.

ఇది నేను షాపులో ట్రయల్ రూమ్ తెర వెనక నిలబడి చదివాను. బయటికొచ్చి ఒక చొక్కాకి ఎడం చెయ్యి కుడి పక్కన కుట్టాను. వదిన చూసింది. వదినంటే మా ఆయన అక్క, షాపు ఆవిడదే. నవ్వితే దారం తెగుతుందన్నట్టు ఉంటుంది. ఏమే, బుర్ర ఇంట్లో మర్చిపోయి వచ్చావా, మీ ఆయన్ని పట్టుకు రమ్మననా అంది. ఆయన తెచ్చినా అది నా బుర్రే అని గుర్తుపట్టలేడు వదినా అన్నాను.

జూన్ 8

మెట్ల మీద ఎవరు?

జూన్ 9

మూడో భాగం లేదు. తెప్పించరు కూడా.

కళ్ళజోడు గొంతు తగ్గించి చెప్పాడు. నెలాఖరున కమిటీ మీటింగు ఉందట. ఆ షెల్ఫ్ ఎత్తేసి పోటీ పరీక్షల గైడ్లు పెడతారట. షెల్ఫ్ మొత్తం మీద చదివేది మీ పాప ఒక్కతే ఆంటీ, ఒక్క పిల్ల కోసం ఎలా ఉంచమంటావని నన్నడుగుతున్నారు అన్నాడు. పిల్లలు నలుగురు వస్తే షెల్ఫ్ నిలుస్తుందట. నిలిస్తే ముందు తెప్పించేది మీ పాప మూడో భాగమే, ప్రామిస్ అన్నాడు.

మా పాప మొహం మాడిపోయింది.

జూన్ 10

ఉదయం నుంచి కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాను. మిషన్ ముందు కూర్చుంటాను, లేస్తాను. నీళ్ళు తాగుతాను, తాగానా లేదా అని గ్లాసు చూసుకుంటాను. లైబ్రరీ మెట్లు మా కిటికీలోంచి కనపడతాయి. ఒక్క పిల్లా ఎక్కదు. బ్యాగులు మోసుకుంటూ ఎదురుగానే నడిచి వెళ్తారు. చదవమంటే చదవరు. నేను మాత్రం ఆ వయసులో చెప్పిన మాట విన్నానా? బావిలోకి తొంగి చూడొద్దన్నారని నడుం దాకా వంగాను.

అదీ సంగతి. చదవమనకూడదు. వద్దనాలి.

జూన్ 11

బడులు తెరిచే రోజులు. ఈ చుట్టుపక్కల స్కూళ్ళ యూనిఫాంలన్నీ మా బల్ల మీదే ఉన్నాయి. వదిన కత్తిరిస్తుంది, నేను కుడతాను. ప్రతి దాని లోపలా సైజు లేబుల్ వేసేది కూడా నేనే. తెల్ల టేపు మీద చెరగని ఇంకుతో అంకె రాసి కుట్టేస్తాను.

టేపు ఇంకా బోలెడు మిగిలి ఉంది. ఇంకు కూడా.

జూన్ 14

అయిపోయింది. జేబు అడుగున, వేలు పెడితే తగిలేటట్టు ఇంకో లేబుల్ కుట్టాను. దాని మీద రాసింది ఇదీ: లైబ్రరీలో లైట్‌హౌస్ పుస్తకం డెబ్బై ఎనిమిదో పేజీ తెరవొద్దు. మీ వయసుకి తగదు.

ఇలాంటి పనులు నాకు కొత్త కాదు. పోయిన నెల మా ఆయన ప్యాంటు జేబుల మూతులు కుట్టేస్తే, బస్సులో రుమాలు కోసం డాన్స్ చేశాడట. కానీ అది ఒక్క మనిషి. ఇది ఊరంతా.

జూన్ 19, సాయంత్రం 5

వచ్చారు! మొదట ఇద్దరు ఆడపిల్లలు, అటూ ఇటూ చూసుకుంటూ. తర్వాత ఒక మగపిల్లల గుంపు, మేం పేపర్ చదవడానికొచ్చాం అన్నట్టు మొహాలు పెట్టుకుని. కళ్ళజోడు వీధిలోకి పరిగెత్తుకొచ్చి, ఆంటీ, లైట్‌హౌస్ కోసం కొట్టుకుంటున్నారు, ఏం జరిగిందో నాకు తెలీడం లేదు, పాపకి చెప్పండి అన్నాడు. పాప వింది. పాప నోటి నిండా గుండుసూదులు ఉండబట్టి నవ్వలేదు.

డెబ్బై ఎనిమిదో పేజీలో ఏముందో నాకు తెలుసు. ఆ పిల్ల తమ్ముడికి బంగాళాదుంపలు ఉడకబెడుతుంది. అంతే. పుస్తకం మొత్తంలో అంత అమాయకమైన పేజీ లేదు, ఏరి పెట్టాను. అది చదివినవాడు నమ్మడు. వీళ్ళేదో దాస్తున్నారని డెబ్బై ఏడు చూస్తాడు. తర్వాత డెబ్బై తొమ్మిది. అక్కడ తాళం చెవి దొరుకుతుంది. ఇక వాడు నా చేతిలో ఉన్నట్టే.

జూన్ 23

కొంప మునిగింది.

బట్టలు ఉతుకుతూ అమ్మలు లేబుళ్ళు చూశారు. చెరగని ఇంకు కదా, నా బుద్ధికి తగ్గట్టే చెరగలేదు. లైబ్రరీలో పిల్లలకి పాడు పుస్తకాలు ఇస్తున్నారని కమిటీ అధ్యక్షుడి ఇంటికి వెళ్ళారట. ఆయన్ని నేను టైగారంటాను, మెడలో టై స్నానానికి కూడా విప్పడని నా నమ్మకం. ఆయన అగ్గి మీద గుగ్గిలం. ఆ పేజీ ఎవరైనా చదివారా అని ఒక్కరూ అడగలేదు. ఈ లేబుళ్ళు ఆ లైబ్రరీ కుర్రాడే పంచి ఉంటాడు, షెల్ఫ్ నిలబెట్టుకోవడానికి వాడి వేషాలు, మీటింగులో వాణ్ణి కూడా తీసేస్తామన్నారట.

వాణ్ణి కూడా.

మధ్యాహ్నం వదిన ఒక నిక్కరు తెచ్చి నా ముందు పెట్టింది. జేబు బయటికి లాగి ఉంది. గుమ్మడికాయల దొంగలా నేను భుజాలు తడుముకోలేదు, గుండీల డబ్బా తడుముకున్నాను. ఆవిడ గొంతు పెంచలేదు. కుట్టు చివర మిషను రెండుసార్లు వెనక్కి కొట్టే అలవాటు మానుకోమని ఇరవయ్యేళ్ళుగా చెప్తున్నానా లేదా అంది. అంతే. వెళ్ళి కత్తెర పట్టుకుంది.

జూన్ 25

ఇవాళ ఒక చొక్కాకి మూడు జేబులు కుట్టాను.

కళ్ళజోడు కిటికీ దగ్గరికొచ్చి, మీ పాపని మీటింగుకి తీసుకొస్తారా ఆంటీ అని అడిగాడు. పాపకి జ్వరం అన్నాను. అయ్యో అన్నాడు. సాయంత్రం వెళ్తూ పాప కోసం ఒక సన్న పుస్తకం ఇచ్చి వెళ్ళాడు. జ్వరంలో బరువైనవి చదవలేదట.

వాడి చొక్కా చేతులు కుట్టను.

జూన్ 28, మీటింగు నుంచి వచ్చాక

కూర్చోలేక నిలబడి రాస్తున్నాను.

లైబ్రరీ హాలు నిండిపోయింది. అమ్మలు ముందు వరసల్లో, నాన్నలు గోడల పక్కన. టైగారు ఆ పేజీని ఇక్కడే, అందరి ముందూ చదవమన్నారు, సిగ్గుంటే అని కూడా కలిపారు. కళ్ళజోడు పుస్తకం తెరిచాడు. పిల్ల పొయ్యి వెలిగించింది. దుంపలు కడిగింది. తమ్ముడు ఉప్పుందా అన్నాడు. లేదంది. హాల్లో అందరూ ఇప్పుడొస్తుంది, ఇప్పుడొస్తుందని బిగుసుకుని వింటున్నారు. దుంపలు ఉడికాయి. అప్పుడు కింద నుంచి ఏదో చప్పుడైంది, ఆ పిల్ల గరిటె పట్టుకుని మెట్ల వైపు... పేజీ అయిపోయింది. కళ్ళజోడు పుస్తకం మూసేశాడు.

అందరికంటే ఎక్కువ అరిచిన నాన్న ఒకాయన గోడ దగ్గర నుంచి, తర్వాతేమైంది అని అడిగాడు. వాళ్ళావిడ మోచేత్తో పొడిచింది.

ఆ పేజీలో ఏమీ లేదు కాబట్టి తప్పు ఇంకా పెద్దదన్నారు టైగారు. పిల్లల్ని మోసం చేసి రప్పించారట. లేబుల్ కుట్టింది ఎవరో తేల్చాలని, పెద్ద టైలరు కాబట్టి వదినని పిలిచారు. వదిన జేబుని వెలుతురుకి పెట్టి చాలాసేపు చూసింది. ఇది చేతకానివాళ్ళ కుట్టు, మా షాపులో ఇంత దరిద్రంగా ఎవరూ కుట్టరు అంది. అబద్ధమాడితే కళ్ళు పోతాయని నమ్మే మనిషి. ఒక్క మాటతో నన్ను కాపాడింది, నా కుట్టునీ తిట్టింది.

అయితే ఈ కుర్రాడే అన్నారు టైగారు. కళ్ళజోడు కాదని కూడా అనలేదు. నా సంగతి తర్వాత, ఈ షెల్ఫ్ అంతా చదివిన పాప ఒకతి ఉంది, ఈ పుస్తకాలతో చెడిందో బాగుపడిందో ఆ పిల్లనే అడగండి, జ్వరంతో రాలేదు, వాళ్ళమ్మ అదుగో అన్నాడు.

తలలన్నీ ఇటు తిరిగాయి. కింద కూర్చున్నదాన్ని ఎలా లేచానో తెలీదు.

ఆ పాప నేనే అని చెప్పాను. ఎవరో కిసుక్కుమన్నారు. నవ్వండి, నాకూ నవ్వే వస్తుంది అన్నాను. పదిహేనేళ్ళప్పుడు నేను బడి మానేసి కాజాలు కుడుతున్నాను, ఇవి అప్పుడు చదవాల్సినవి, ఇప్పుడు చదువుతున్నాను, చెడిపోదామన్నా ఆ వయసు దాటిపోయింది అన్నాను. లేబుళ్ళు నావే, ఆ అబ్బాయికి ఏ పాపమూ తెలీదు అన్నాను. ఆ దరిద్రపు కుట్టు కూడా నాదేనని వదిన వైపు చూసి మరీ చెప్పాను. కళ్ళజోడు కళ్ళజోడు తీసేశాడు. మొహంలో ఇంకా చాలా ఉన్నాయి, అప్పుడు చూశాను.

చివరికి టైగారు షెల్ఫుకి ఆర్నెల్లు గడువిస్తున్నామన్నారు. మూడో భాగం తెప్పిస్తారట. అందరూ చప్పట్లు కొట్టారు.

జూలై 2

వదిన ట్రయల్ రూమ్‌కి కొత్త తెర కుట్టింది. మందమైన గుడ్డ. పైన ఒక బల్బు కూడా పెట్టించింది. ఎందుకు వదినా అంటే, నీ పని చూసుకోవే అంది.

జూలై 9

మీటింగు గురించి రాసినదంతా నిజమే, ఒక్కటి తప్ప. గడువు ఇవ్వలేదు. అది నేను కల్పించాను. షెల్ఫ్ ఎత్తేయాలన్నవాళ్ళని టైగారు చేతులెత్తమన్నారు, తర్వాతేమైందని అడిగిన నాన్నే ముందు ఎత్తాడు. నేను చదివే పుస్తకాల్లో అలా జరగదు. అందుకని ఇక్కడా జరగనివ్వలేదు. ఎవరూ చదవని డైరీలో నాకెవరు అడ్డు?

కళ్ళజోడు ఉద్యోగం మాత్రం నిలిచింది. గైడ్లు సర్దుతున్నాడు. షెల్ఫ్ పుస్తకాలన్నీ వదిన మోయించుకొచ్చి ట్రయల్ రూమ్‌లో పెట్టించింది. కొలత చూసుకొస్తామని తెర వెనక్కి వెళ్ళిన పిల్లలు బయటికి రావడం లేదు.

మూడో భాగం రాలేదు. రాదు. మెట్ల మీద ఎవరని రోజూ అడుగుతున్నారు.

చెప్తున్నాను.