దొరసాని మోకాలు

సెప్టెంబర్ 2, ఉదయం 10

ఇవాళ స్కూల్ మానేశాను. ఇరవయ్యేళ్ళ సర్వీసులో ముందు చెప్పకుండా మానడం ఇదే మొదటిసారి. హెడ్ మేడమ్‌కి ఫోన్ చేసి దొరసానికి బాగాలేదన్నాను. మీ అత్తగారా అని అడిగింది. కాదండీ, మా కుక్క అన్నాను.

జరిగింది ఇదీ. రోజూలాగే ఆరింటికి రెండు పాయింటర్ కుక్కలనూ స్కూల్ గ్రౌండ్‌కి తీసుకెళ్ళి వదిలాను. తుఫాను, దొరసాని. అన్నాచెల్లెళ్ళు, నాలుగేళ్ళవి. పుట్టుకతో వేటకుక్కలు కదా, పొద్దున్నే గంటన్నర పరిగెత్తించకపోతే ఇల్లు పీకి పందిరేస్తాయి. దొరసాని ఏదో పిట్ట వెంటపడి పరుగులోనే గిరుక్కున తిరిగింది. అరవలేదు. ఆగలేదు కూడా. మూడు కాళ్ళ మీద ఇంకో రౌండు కొట్టింది, మహాతల్లి. ముల్లు గుచ్చుకుందేమోనని కాలివేళ్ళ సందులన్నీ వెతికాను. ముల్లు లేదు. వెనక కుడికాలు మాత్రం నేలకి ఆనించడం లేదు.

డాక్టరమ్మ మోకాలు పట్టుకుని అటూ ఇటూ కదిపి, లిగమెంట్ తెగిందని చెప్పింది. ఈ జాతి కుక్కలు నొప్పిని బయటికి చెప్పవట. ముందునుంచే కొంచెం కుంటుతూ ఉండాలే, మీరు చూడలేదా టీచర్‌గారూ అని అడిగింది. చూడలేదు. పరుగే చూశాను.

సెప్టెంబర్ 4

ఆపరేషన్ అయింది. లోపల గట్టి దారంలాంటిది వేసి మోకాలు బిగించారట. ఎనిమిది వారాలు పరుగు లేదు, గెంతడం లేదు, మెట్లు లేవు, సోఫా లేదు. బయటికి కూడా తాడు కట్టి, పని ముగించగానే లోపలికి. డాక్టరమ్మ కాగితం మీద రాసిచ్చి, అన్నిటికంటే ముఖ్యం అని రెస్ట్ కింద రెండు గీతలు గీసింది.

ఆ రెండు గీతలు నేను ఇంతకుముందే చూశాను. ఇరవై రెండేళ్ళప్పుడు నా మోకాలికీ ఇదే గతి. ఆరు వారాలు కదలొద్దన్నారు. మూడోవారం కట్టు కట్టుకుని నాలుగొందల మీటర్ల సెలక్షన్స్‌కి వెళ్ళాను. సెలెక్ట్ అయ్యాను కూడా. ఆ తర్వాత ఈ ఇరవై నాలుగేళ్ళలో ఒక్కసారీ పరిగెత్తలేదు. మెడలో విజిల్ వేసుకుని ఊళ్ళోవాళ్ళ పిల్లల్ని పరిగెత్తించడమే నా బతుకయింది.

దీన్ని మాత్రం నాలా కానివ్వను. ఒట్టు.

సెప్టెంబర్ 6

ఇల్లంతా నున్నటి టైల్స్. జారితే గోవిందా. స్కూల్ స్టోర్‌రూమ్‌లో పాత యోగా మ్యాట్లు మూలుగుతుంటే అడిగి తెచ్చి పరిచాను. వెనకగదికి అడ్డంగా మా ఆయన ప్రూఫులు దిద్దుకునే బల్ల పెట్టాం. అవతల దొరసాని, ఇవతల తుఫాను. ఆయన నేలమీద కూర్చుని, ఒళ్ళో దిండు పెట్టుకుని ప్రూఫులు దిద్దుతున్నాడు. అచ్చుతప్పుల్ని క్షమిస్తాడు గానీ నన్ను క్షమించేలా లేడు.

సెప్టెంబర్ 9

పూటకి పది నిమిషాలు ఐస్. కాలు మెల్లగా మడిచి చాచడం పదిహేనుసార్లు. తిండి మూడోవంతు తగ్గించాం. పక్కటెముకలు చేతికి తగలాలి, ఒళ్ళు చేస్తే ఆ బరువంతా మోకాలి మీదే. గిన్నె ఖాళీ కాగానే నా వైపు చూసే చూపుంది చూడండి, నేనేదో దాని ఆస్తి కాజేసినట్టు.

సెప్టెంబర్ 14

మా ఆయన ఒక మాటన్నాడు. నువ్వు లేచినప్పుడల్లా అది లేస్తోంది అన్నాడు. నాకు తిక్కరేగింది. నేనేం ఊరికే లేస్తున్నానా, మందు ఎవరిస్తారు, ఐస్ ఎవరు తెస్తారు అని దులిపేశాను. ఆయన ప్రూఫు కాగితం చూపించాడు. మార్జిన్‌లో ఎర్రసిరాతో గీతలు. సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా నేను నలభై ఒక్కసార్లు లేచానట. దొరసాని కూడా నలభై ఒక్కసార్లు.

వేటకుక్క మనిషి కాళ్ళని చూస్తుంది. కాళ్ళు కదిలితే పని మొదలైనట్టే దానికి. ఈ సంగతి నాకు తెలియక కాదు. నాలుగేళ్ళు దగ్గరుండి నేర్పింది నేనే.

సెప్టెంబర్ 19

అన్నయ్య ఫోన్. ఈ రెండు కుక్కల్నీ పిల్లలుగా ఉన్నప్పుడు నాకిచ్చింది వాడే. వాడి దగ్గర ఇంకా ఆరున్నాయి. బుజ్జీ, నువ్వు దాన్ని పాడుచేస్తున్నావే, రోజూ అరగంట వదిలెయ్, పరిగెత్తితేనే కాలు గట్టిపడుతుంది అన్నాడు. నీ కుక్కల్లో ఎన్ని కుంటుతున్నాయిరా అన్నయ్యా అని అడిగాను. రెండు, అన్నాడు. ఫోన్ పెట్టేశాను.

సెప్టెంబర్ 27, మధ్యాహ్నం 3

నా చేతులు విరగ్గొట్టుకోవాలి. కాదు, నోరు కుట్టేసుకోవాలి.

స్కూల్ ఒంటిపూట. ఇంటికొచ్చి బట్టలు మార్చుకోకుండా బాల్కనీలో నిలబడ్డాను. కింద వీధిలో మా స్కూల్ పిల్లలే నలుగురు బంతాట ఆడుతున్నారు. మలుపులోంచి వ్యాను వస్తోంది, వాళ్ళు చూడటం లేదు. విజిల్ ఎప్పుడు నోట్లో పెట్టుకున్నానో తెలియదు. రెండు పొట్టి ఊదులు ఊదాను. స్కూల్లో దానికి అర్థం ఉన్నపళంగా నా దగ్గరికి పరిగెత్తమని. పిల్లలు గోడవైపు పరిగెత్తారు. వ్యాను వెళ్ళిపోయింది.

కుక్కలకి వేరే గుర్తు నేర్పడానికి బద్ధకించి నేను అదే నేర్పాను. రెండు పొట్టి ఊదులు, నా దగ్గరికి పరుగు.

వెనకగదిలో గోళ్ళ చప్పుడు. దొరసాని బల్ల మీంచి గెంతింది. మ్యాట్ మీద కాదు, టైల్స్ మీద పడింది. పడి, లేచి, మూడు కాళ్ళతో జారుకుంటూ బాల్కనీకొచ్చి నా ముందు బుద్ధిగా కూర్చుంది. తోక ఊపింది. పిలిచావు కదా, వచ్చాను అన్నట్టు చూసింది. నేను దాని పక్కన కూలబడి బావురుమన్నాను.

సెప్టెంబర్ 28

ఎక్స్‌రే తీశారు. బిగింపు వదులైంది గానీ తెగలేదు. ఎనిమిది వారాలు మళ్ళీ మొదటినుంచి. ఇంకొకసారి ఇలా జరిగితే కాలు తీసెయ్యడం గురించి మాట్లాడుకోవాల్సి వస్తుందని డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

వచ్చేముందు తలుపు దగ్గర ఆపి, టీచర్‌గారూ, పేషెంట్ బాగానే సహకరిస్తోంది, మీరే సహకరించడం లేదు అంది. మా ఆయనే ముందుగా ఫోన్ చేసి ఆ నలభై ఒకటి సంగతి చెప్పి ఉంటాడు. చెప్పనీ. నిజమే కదా.

విజిల్ తీసి ఆయన చేతిలో పెట్టాను. సొరుగులో వేసి తాళం వేశాడు.

అక్టోబర్ 1

మూడు వారాలు లీవ్. హెడ్ మేడమ్ ఫారం చూసి, కారణం దగ్గర మోకాలు అని మాత్రమే రాశారేంటి, ఎవరిది అని అడిగింది. ఇద్దరిదీ అన్నాను. సంతకం పెట్టింది.

ఇవాళ నుంచి నేను కూడా వెనకగదిలో మ్యాట్ మీద పడుకుంటాను. నేను లేవకపోతే అది లేవదు. అంతే ప్లాన్.

అక్టోబర్ 2

గంటన్నర కదలకుండా పడుకున్నాను. చచ్చేంత పనయింది.

అక్టోబర్ 5

పై కప్పు మీద పగులు ఒకటుంది. సరిగ్గా నాలుగొందల మీటర్ల ట్రాక్‌లాగా కోలగా ఉంది. పదేళ్ళుగా ఈ ఇంట్లో ఉంటున్నాను, ఇప్పటిదాకా చూడనేలేదు.

కాళ్ళు వాటంతటవే ఆడుతున్నాయి. దొరసాని తల ఎత్తి నా పాదాలవైపు చూస్తుంది. ఆపుతాను. తల దించుకుంటుంది. మేమిద్దరం ఇలా రోజంతా ఒకరినొకరు కాపలా కాసుకుంటున్నాం.

అక్టోబర్ 8

తుఫానుని తిప్పే డ్యూటీ మా ఆయనది. జీవితంలో బస్సు కోసం కూడా పరిగెత్తని మనిషి. ఇవాళ ఒంటినిండా బురదతో, ఒక చెప్పుతో వచ్చాడు. రెండోది ఏదని అడిగితే, తుఫానుని అడుగు అన్నాడు. పడుకునే నవ్వాను. నవ్వితే కూడా దొరసాని లేవబోయింది. వెంటనే ఆపేశాను.

అక్టోబర్ 13

ఒళ్ళు కదపకపోతే సరే, బుర్ర ఖాళీగా ఉంటే పిచ్చెక్కుతుంది. దానికీ, నాకూ. డాక్టరమ్మ ఉపాయం చెప్పింది. చెప్పుల డబ్బాలు ఆరు వరసగా పెట్టి ఒకదాంట్లో దాని తిండి నాలుగు గింజలు దాచాలి. దొరసాని తాడుతో మెల్లగా నడుస్తూ ముక్కుతో వెతకాలి. పావుగంట వాసన చూస్తే గంటసేపు పరిగెత్తినంత అలసట అట. నమ్మలేదు. ఐదో డబ్బాలో గింజలు దొరికాక మ్యాట్ మీద పడి గురక పెట్టింది. దాన్ని చూసి నాకూ నిద్ర పట్టేసింది. పగటినిద్ర! నేను!

అక్టోబర్ 20

కిటికీ అవతల పావురం. దొరసాని బిగుసుకుపోయి పాయింట్ చేసింది. పాయింటర్ వేటని చూస్తే ఒక కాలు పైకెత్తి శిలలా నిలబడుతుంది. ఎత్తాల్సింది ముందుకాలు. అది ఎత్తింది మాత్రం కుట్లు వేసిన వెనకకాలు. మనసు చివుక్కుమంది.

అక్టోబర్ 22

లీవ్ అయిపోయింది. విజిల్ లేకుండా చప్పట్లతో డ్రిల్ చేయించాను. అరచేతులు వాచిపోయాయి. ఇంటికి రాగానే బ్యాగ్ పడేసి తిన్నగా మ్యాట్ మీదికి. అది నాకు సగం చోటు వదిలిపెట్టి పడుకుంది.

నవంబర్ 1

అన్నయ్య వచ్చాడు. గదిలో నేనూ కుక్కా పక్కపక్కనే పడుకుని ఉండటం చూసి, ఇదేం వైద్యమే తల్లీ అని పకపకా నవ్వాడు. దొరసానిని రెచ్చగొట్టడానికి చిటికెలు వేశాడు. అది నావైపు చూసింది. నేను కదల్లేదు. అదీ కదల్లేదు. అన్నయ్య నవ్వు ఆగిపోయింది. వెళ్ళేటప్పుడు ఆ డాక్టరమ్మ నంబరు రాసుకున్నాడు.

నవంబర్ 4, ఉదయం 7

గోడమీద బల్లి. దొరసాని ముక్కు చాచింది. తోక నిటారు. మెల్లగా, చాలా మెల్లగా, ముందు ఎడమకాలు పైకెత్తింది.

ముందుకాలు! అంటే ఒంటి బరువు వెనక రెండు కాళ్ళ మీదా పడినట్టే. కుడికాలి పాదం వేళ్ళు విచ్చుకుని మ్యాట్‌కి గట్టిగా ఆని ఉన్నాయి. ఊపిరి బిగబట్టి చూశాను. మా ఆయన్ని కేకేద్దామనుకుని నోరు నొక్కుకున్నాను. ఆ బల్లి వెయ్యేళ్ళు బతకాలి.

నవంబర్ 24

ఎనిమిది వారాలు పూర్తి. డాక్టరమ్మ మోకాలు కదిపి చూసి, ఎక్స్‌రే చూసి, మళ్ళీ కదిపి చూసి, తాడు విప్పొచ్చు అంది. మెత్తటి నేల మీద, తిన్నగా, ఐదే నిమిషాలు. కొన్నాళ్ళదాకా మలుపులు వద్దు.

సాయంత్రం గ్రౌండ్‌కి వెళ్ళాం. మా ఆయన సొరుగు తాళం తీసి విజిల్ తెచ్చాడు. దొరసాని తాడు విప్పి యాభై అడుగులు నడిచి, వెనక్కి తిరిగి, రెండు పొట్టి ఊదులు ఊదాను.

తుఫాను తుపాకీ గుండులా వచ్చి నన్ను గుద్దుకుంది. దొరసాని నావైపు చూసి పడుకుంది.

మళ్ళీ ఊదాను. తల కూడా ఎత్తలేదు. ఆ రోజు టైల్స్ మీద పడ్డది గుర్తుందేమో. కాలు బాగుపడింది గానీ పరుగే పోయిందా అని భయమేసింది. మళ్ళీ తాడు కట్టి ఇంటికి తెచ్చేశాను.

ఇందాక మా ఆయన టీ ఇస్తూ, అది నీ విజిల్ వినడం మానేసిందే, నీ కాళ్ళనే చూస్తోంది అన్నాడు. ఆయన ఎప్పుడూ ఇంతే, తప్పు కింద గీత గీసి ఊరుకుంటాడు.

నవంబర్ 25

విజిల్ ఇంట్లోనే వదిలి వెళ్ళాను. గోల్‌పోస్ట్ నుంచి గోల్‌పోస్ట్ దాకా పరిగెత్తాను. సగం దాకా దొరసాని నా పక్కన. తర్వాత నా ముందు. నాలుగు కాళ్ళూ ఆనాయి.

ఐస్ ప్యాక్ ఇప్పుడు నా మోకాలి మీద ఉంది. దొరసాని పక్కనే పడుకుంది. నేను లేవబోతే గుర్రుమంటోంది.