ఆ పిల్ల తిరిగొస్తదా?

అత్తమ్మా,

నేను, నీ కోడలు పద్మను. నువ్వు పోయి ఏడాది కావస్తోంది. మిరపకాయలు మళ్లీ కళ్లం నుంచి ఇంటికొచ్చాయి. వాకిలంతా ఎర్రగా ఉంది, ఇంటిల్లిపాదికీ తుమ్ములే. అక్కడ నీకు ఆ బాధ లేదు కదా?

ఒక సంగతి చెప్పాలి. ఇన్నాళ్లూ నేను నవల ముట్టలేదు. ఒట్టు! అన్నం మాడుతున్నా పేజీ వదలని దాన్ని, నేనే... నిన్ను ఇంట్లో వదిలేసి ఒక్కదాన్నే జాతరకు పోయినట్లు అనిపించేది.

నేను కాపురానికి వచ్చిన కొత్తలో, బియ్యం డబ్బాలో దాచుకున్న నవల నీ చేతికి దొరికింది, గుర్తుందా? అత్తగారింట్లో ఆ పుస్తకాలు బయటపెట్టొద్దని మధిరలో మా అమ్మ చెప్పి మరీ పంపింది. నేను తలుపు చాటుకు తప్పుకున్నాను. నువ్వేమో దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "నాకు చదువు రాదు గదనే... గట్టిగ చదువు, నేనూ ఇంట. నీ వంతు మిరప తొడిమలు నేను తీస్త" అన్నావు.

అప్పటి నుంచి అదే మన పద్ధతి. చదివేవాళ్లు కాయ ముట్టకూడదు. కారం చేత్తో కన్ను నలుపుకుంటే ఇక కథ ఎవరు చదువుతారు? నువ్వూ, కూలికొచ్చిన ఆడవాళ్లూ నా వంతు కూడా తొడిమలు తీసేవాళ్లు. కథలు కూడు పెడతాయా అని గొణిగేది ఒక్క నీ కొడుకే.

ముగింపు నచ్చకపోతే నీతో ఎవరు వేగగలరు తల్లీ! "ఆ రాసినోళ్లకేం ఎరుక ఆడోళ్ల బతుకు?" అని కసిరి, అందరికీ నీ ముగింపు నువ్వు చెప్పేదానివి. చచ్చినవాళ్లను బతికించేదానివి, తాగుబోతు మొగుళ్లను గోదావరిలో ముంచేదానివి. పర్ణశాలలో కథ చెప్తున్న పూజారితోనూ తగువే... ఆ తల్లిని అడవిలో ఒంటరిగా వదిలి ఎందుకు పోయిండ్రని.

ఖమ్మం దవాఖానాలో ఆఖరిరోజు నువ్వు అడిగింది మందుల గురించి కాదు. వీక్లీలో వచ్చే సీరియల్ గురించి. ఇంట్లోవాళ్ల మీద అలిగి, పెట్టె పట్టుకుని గోదావరి దాటిపోయిన ఆ వనజ గురించి. "ఏందే, ఆ పిల్ల తిరిగొస్తదా, రాదా?" వచ్చే వారం తెలుస్తుందన్నాను. వచ్చే వారం దాకా నువ్వు ఆగలేదు.

ఒక వింత విను. తర్వాత నేను వీక్లీ వైపు చూడలేదు గానీ, నీ కొడుకు మాత్రం వారం వారం బస్టాండులో కొనుక్కొచ్చి నీ మంచం కింద పెడుతూనే ఉన్నాడు. ఆ గొణిగే మనిషే! ఎందుకని నేను అడగలేదు. అడిగితే ఏడుస్తాడని భయం.

నిన్న అందరం కాయల ముందు కూర్చున్నాం. అడవిపల్లె నుంచి కూలికొచ్చే ముత్తమ్మ ఉంది చూడు... ఇంట్లో మాట్లాడేది కోయ భాషే అయినా మన కథ ఒక్కటీ వదిలేది కాదు. ఆ పిల్ల ఏమైందని అడిగింది. నేను చదివితే కదా చెప్పడానికి! నీ కొడుకు లేచి వెళ్లి, మంచం కింది కట్ట తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. తను నీ పీట మీద కూర్చుని నా వంతు తొడిమలు తీయడం మొదలుపెట్టాడు.

మొదటి పేజీ తడుముకుంటూ చదివాను. తర్వాత కథే నన్ను లాక్కుపోయింది. ఎంత హాయిగా ఉందనుకున్నావు! పొద్దు వాలేదాకా చదువుతూనే ఉన్నాను.

అత్తమ్మా... వనజ రాలేదు. వాళ్లమ్మ ఒక్కతే రేవులో కూర్చుని ఉంటుంది. కథ అక్కడితో అయిపోయింది.

అందరి చూపూ నీ పీట మీదే. నీ కొడుకు కళ్లు తుడుచుకున్నాడు, కారం చేతులతోనే! లబోదిబోమంటూ తొట్టి దగ్గరికి పరుగు. నవ్వలేక చచ్చాం. నవ్వులు ఆగాక ముత్తమ్మ మళ్లీ నా వైపే చూసింది. నేను వీక్లీ మూసేసి, ఆ రాసినోళ్లకేం ఎరుక అన్నాను. అచ్చం నీ గొంతే వచ్చింది.

ఇకమీదట చదవడం మాననులే. గట్టిగానే చదువుతాను, నీకు వినపడేట్టు.

నువ్వు అడిగినదానికి జవాబు ఇదిగో. వచ్చింది అత్తమ్మా. పడవ దిగీ దిగగానే పెట్టె నీళ్లలో పడేసి, పరుగెత్తుకెళ్లి వాళ్లమ్మను వాటేసుకుంది. ఆ పిల్ల గురించి ఇక బెంగ పెట్టుకోకు.

నీ కోడలు,
పద్మ